చేపల తొట్టికి నేను కట్టిన సంపు

1984 సెప్టెంబరులో నన్ను పల్నాటిలోని ఒక మునిసిపాలిటీకి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఊరి పేరు రాయను. నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్ళే దారిలో ఉన్న ఊళ్ళలో ఒకటి అనుకుంటే చాలు. మంచినీటి సరఫరా మొత్తం నా బాధ్యత. సాగర్ కాలువ నీళ్ళు చెరువులో నిలవ చేసుకోవడం, ఇసుక పడకల మీద వడగట్టడం, బ్లీచింగ్ పౌడరు కలపడం, ఎత్తు మీది ట్యాంకుకు తోడించి వీధుల్లోకి వదలడం. నా కింద ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు, ఇద్దరు ఫిట్టర్లు, వీధి వాల్వులు తిప్పే మనుషులు కొందరు ఉండేవారు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మాది గోదావరి పక్క. పల్నాడు గురించి వినడమే తప్ప అంతకుముందు చూసింది లేదు. విన్నదంతా భయపెట్టేదే.

చేసిన ప్రతి పనికీ కొలతలు ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కించి సంతకం పెట్టడం మా వృత్తిలో మొదటి నియమం. ఎం-బుక్‌లో ఎక్కనిది పని కిందికి రాదు. నా సర్వీసు మొత్తంలో అలా ఎక్కని పని ఒక్కటే ఉంది. దాని గురించే ఇప్పుడు చెబుతున్నాను.

దసరా సెలవులైన వారానికి కమిషనర్ గారు పిలిచి, చలమయ్య గారింట్లో చేపల తొట్టి ఉందట, నీళ్ళు ఎప్పుడూ మురిగిపోతున్నాయట, ఒకసారి వెళ్ళి చూడండి అన్నారు. చలమయ్య అన్నది అసలు పేరు కాదు. రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తారా అని అడిగే ధైర్యం నాకు లేదు. ఇచ్చే ధైర్యం ఆయనకూ లేదు.

చలమయ్య గారిది రొంపిచెర్ల వైపు ఒక పల్లె. యాభై దాటిన మనిషి. ఆ ఊళ్ళో రెండు పార్టీలు, ఒక పార్టీకి ఆయన పెద్ద. తమ్ముణ్ణి అవతలివాళ్ళు చంపాక కుటుంబాన్ని తీసుకుని మా పట్నంలోకి మారారు. నేను వెళ్ళేసరికి గేటు దగ్గర మంచం వేసుకుని ఇద్దరు కూర్చున్నారు. నా సంచీ తెరిచి టేపు, నోట్‌బుక్కు, పెన్సిలు బయటికి తీసి చూసి, టేపును పూర్తిగా లాగి మళ్ళీ చుట్టి ఇచ్చారు. ఆ చుట్టేసేంతసేపూ నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తొట్టి హాల్లో ఉంది. అయిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఇనప యాంగిల్ చట్రంలో గాజు పలకలు బిగించి పుట్టీ పెట్టారు. మద్రాసు నుంచి తెప్పించిన గోల్డ్ ఫిష్ పది, ఆకుపచ్చగా మారిన నీళ్ళలో దాదాపు కనిపించకుండా తిరుగుతున్నాయి. చలమయ్య గారు నెమ్మదిగా మాట్లాడారు.

"చేప ఊరికే సావగూడదయ్యా ఇంజనీరూ. చస్తే దానికో కారణం ఉండాల. మురికికి సచ్చిందంటే నాకు పనికిరాదు."

ఇంకో షరతు కూడా పెట్టారు. మునిసిపాలిటీ నీళ్ళు పట్టే డాబా మీది ట్యాంకులోంచి వంటింటికి వచ్చే నీళ్ళే తొట్టిలోకీ రావాలి. బావి నీళ్ళు, నిలవ పెట్టిన నీళ్ళు పోయకూడదు. విచిత్రంగా అనిపించింది కానీ ఎందుకని అడగలేదు. ఆ ఇంట్లో ప్రశ్నలు వేసే స్థితిలో నేను లేను.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే పని తెలిసిందే అనిపించింది. మా వాటర్ వర్క్స్‌నే చిన్నది చేసి ఇంట్లో పెట్టడం. తొట్టి పైభాగాన ఒక రంధ్రం. నీళ్ళు ఆ మట్టానికి రాగానే గొట్టంలోకి పొర్లి, గోడ అవతల వరండాలో కట్టిన సిమెంటు సంపులోకి దిగుతాయి. సంపులో మూడు గదులు. మొదటిదాంట్లో గులకరాళ్ళు, రెండోదాంట్లో ముతక ఇసుక, బొగ్గు, మూడోదాంట్లో తేరిన నీళ్ళు. అక్కడినుంచి ఎయిర్ కూలర్లలో వాడే చిన్న మోటారు నీళ్ళను తిరిగి తొట్టిలోకి తోడుతుంది. రాళ్ళకూ ఇసుకకూ పట్టే పాచిలోని సూక్ష్మజీవులు చేపల మలినాన్ని హరిస్తాయి. రోజూ ఆవిరైపోయే నీళ్ళ కోసం మూడో గదిలో బాల్ వాల్వు పెట్టాను. నీటి మట్టం తగ్గితే బంతి కిందికి దిగి డాబా ట్యాంకు నీళ్ళు వస్తాయి, నిండితే బంతి లేచి ఆగిపోతాయి. మనిషి చెయ్యి పడనక్కరలేదు. అది నా గొప్ప అనుకున్నాను.

భయాలు మాత్రం చాలానే ఉన్నాయి. ఆ రోజుల్లో కరెంటు రోజుకు నాలుగైదుసార్లు పోయేది. మోటారు ఆగితే తోడే గొట్టంలోంచి తొట్టి నీళ్ళు వెనక్కి లాగుకుని సంపు పొంగుతుంది. అందుకని ఆ గొట్టానికి నీటిమట్టం దగ్గర చిన్న బెజ్జం వేయించాను. మట్టం కాస్త తగ్గగానే గాలి చొరబడి ప్రవాహం తెగిపోతుంది. అప్పటికి దిగే నీళ్ళు పట్టేంత ఖాళీ సంపులో వదిలాను. మోటారులో కరెంటు లీకైతే తొట్టిలో చెయ్యి పెట్టిన మనిషి పోతాడు. ఆ ఇంట్లో మనిషి పోతే నా గతేమిటన్నది నాకు తెలుసు. ఎర్తింగు కోసం పెరట్లో గొయ్యి తవ్వించి ఉప్పు, బొగ్గు వేయించి నేనే దగ్గరుండి చూసుకున్నాను.

మోటారు పనీ, గాజుకు రంధ్రం వేసే పనీ మస్తాన్ వలీ చేశాడు. బస్టాండు దగ్గర మోటార్ వైండింగ్ షాపు అతనిది. మా పంపుహౌసు మోటార్లు కాలినా అతని దగ్గరికే పంపేవాళ్ళం. నాకంటే పదేళ్ళు పెద్ద, పనిలో తొందర లేని మనిషి. రాగి గొట్టం ముక్కకు ఎమరీ పొడి, నీళ్ళు అద్దుతూ చేత్తో తిప్పి తిప్పి గాజు అరగదీశాడు. పలక పగలకుండా రంధ్రం పడడానికి ఒక పూట పట్టింది. ఆ పూటే అసలు సంగతి నాకు చెప్పాడు.

"ఇయి ముచ్చటకి పెంచే చేపలు గాదు సారూ. తమ్ముడికి ముందు మజ్జిగలో ఎండ్రిన్ కలిపారంట. ఆసుపత్రిలో బతికి బయటికొచ్చినాక నరికారు. అప్పట్నించీ ఈయన పొద్దున్నే లేచి చేపల్ని చూస్తాడు, అయి తిరుగుతుంటేనే గ్లాసు నోటికి పెడతాడు."

ఎండ్రిన్ అప్పట్లో పత్తికి కొట్టే పురుగుమందు. పల్నాటి ఇళ్ళల్లో అటక మీద ఉండేది. మస్తాన్ చేతిలో పని ఆపకుండానే ఇంకొకటి చెప్పాడు. పోయిన ఎండాకాలం మూడు చేపలు చస్తే వంటమనిషిని రెండ్రోజులు గొడ్లసావిట్లో కూర్చోబెట్టారట. మూడో రోజు మందు కాదని తేల్చుకుని వదిలారట. అప్పటికే ఆమె చెయ్యి విరిగిందట.

నేను కడుతున్నది వడపోత సంపు కాదని అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఎవరు నమ్మకస్తులో ఎవరు కారో తేల్చే సాధనం అది. అది తప్పు చెబితే ఎవరికో ఒకరికి చెయ్యి విరుగుతుంది, లేదా అంతకంటే ఎక్కువే జరుగుతుంది. పని మధ్యలో వదిలేసి సెలవు పెట్టి ఊరికి పోదామనుకున్నాను. పోలేదు. అది ధైర్యం వల్ల కాదు, పోతే ఏమంటారోనన్న భయం వల్ల.

క్లోరిన్ సంగతి నేను ఆలోచించలేదనుకోకండి. కుళాయి నీళ్ళలో మిగిలి ఉండే క్లోరిన్ మనిషికి రక్ష, చేపకు విషం. మొప్పలు కాలిపోతాయి. అందుకే చేపలు పెంచేవాళ్ళు నీళ్ళు ఒకటి రెండు రోజులు నిలవ ఉంచి పోస్తారు. ఇక్కడ ఆ వీలు లేదు కాబట్టి డాబా ట్యాంకు నీళ్ళు మూడు రోజులు వరసగా పరీక్ష చేశాను. గాజు గొట్టంలో నీళ్ళు పోసి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నకొద్దీ పసుపు రంగు తేలుతుంది. ఆ వీధి మా లైనుకు చిట్టచివర. అక్కడికి చేరేసరికి రంగు కనిపించీ కనిపించనట్టు ఉంది. రోజుకు సంపులోకి వచ్చేవి నాలుగైదు లీటర్లు. ప్రమాదం లేదని రాసుకున్నాను. ఆ లెక్క తప్పు కాదు. మామూలు రోజులకు సరిపోయే లెక్క అది.

కార్తీకమాసం మొదలయ్యేసరికి తొట్టి అద్దంలా తేరింది. కరెంటు పోయినా, వచ్చినా సంపు పొంగలేదు. పది చేపలూ ఒళ్ళు చేశాయి. చలమయ్య గారు ఒకసారి ఆఫీసుకు వచ్చి, అందరి ముందూ నా భుజం తట్టి వెళ్ళారు. నాకు గర్వంగా ఉండాల్సింది. రోజూ పొద్దున్నే మోటారు సైకిల్ చప్పుడు వింటే మాత్రం ఆయన మనుషులేమోనని కిటికీలోంచి తొంగి చూసేవాణ్ణి.

శివరాత్రి వచ్చింది. కోటప్పకొండ తిరునాళ్ళకు లక్షల జనం కదులుతారు. దారిలోని మా ఊళ్ళో బళ్ళు, లారీలు, ఎడ్లు లాగే ఎత్తైన ప్రభలు ఆగుతాయి. జనం గుమిగూడిన చోట కలరా పుడుతుందని మా శాఖకు ఎప్పుడూ భయమే. అందుకని తిరునాళ్ళ రోజుల్లో క్లోరిన్ మోతాదు బాగా పెంచడం ఆనవాయితీ. దాన్ని సూపర్ క్లోరినేషన్ అంటారు. నాలుగు రోజులపాటు మోతాదు మూడింతలు చేయమని నేనే రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. లైను చివర కూడా చిక్కటి పసుపు రావాలని ఆదేశించాను. రెండో రోజు స్వయంగా వెళ్ళి చివరి వీధి కుళాయి దగ్గర పరీక్ష చేసి, రంగు చూసి తృప్తిగా టిక్కు పెట్టుకున్నాను. ఆ కుళాయికి ముప్పై గజాల దూరంలో చలమయ్య గారి గేటు. గేటు దగ్గర మనిషి నాకు నమస్కారం కూడా పెట్టాడు. నేను తిరిగి పెట్టి స్కూటరెక్కి వచ్చేశాను. చేపలు గుర్తుకు రాలేదు.

శివరాత్రి మర్నాడు పొద్దున ఏడున్నరకు ఆ గేటు మనిషే మోటారు సైకిలు మీద వచ్చాడు. "అయ్య రమ్మంటన్నాడు. ఎమ్మటే" అన్నాడు. క్లోరిన్ పరీక్ష పెట్టె స్కూటర్ డిక్కీలో ఉండడం ఆ రోజు నా అదృష్టం. తిరునాళ్ళ డ్యూటీ కాబట్టి తీయకుండా వదిలేశాను.

హాల్లోకి వెళితే ఏడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మూడు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. చలమయ్య గారు తొట్టి ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. పెదాలు ఎండి చీలి ఉన్నాయి. తెల్లవారుజాము నుంచి ఆ ఇంట్లో ఎవరినీ మంచినీళ్ళు ముట్టనివ్వలేదు. లోపలి గదిలో ఎవరో పిల్ల దాహమని ఏడుస్తోంది. ఆయన ఆ ఏడుపు వింటూ కూడా తొట్టి మీంచి చూపు తిప్పలేదు. ఆ మనిషి కూడా భయపడతాడని నాకు అప్పుడే తెలిసింది. అది నన్ను మరింత భయపెట్టింది.

వరండా అవతల గొడ్లసావిట్లో రాటకు ఆనుకుని మస్తాన్ వలీ నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లి రక్తం గడ్డకట్టింది. చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. అతని మీద అనుమానానికి వాళ్ళ దగ్గర కారణం ఉంది. అయిదు రోజుల కిందట అవతలి పార్టీ పెద్దాయన పొలంలో బోరు మోటారు తీసి బాగుచేశాడు. ఆ ఊళ్ళలో మోటార్లు బాగుచేసేవాడు ఇద్దరికీ చేస్తాడు, మరో దారి లేదు. శివరాత్రి ముందురోజు ఇక్కడికొచ్చి సంపు మోటారుకు నూనె వేసి వెళ్ళాడు.

"అడ్నించి మందు తెచ్చి ఈడ కలిపాడు" అన్నాడు గేటు మనిషి.

నేను సంపు మీదికి వంగాను. వంగగానే వాసన తగిలింది. మునిసిపాలిటీలో పనిచేసినవాడెవడూ పొరపడని వాసన, బ్లీచింగ్ పౌడరు. ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. రోజుకు నాలుగైదు లీటర్లు రావలసిన చోట ఇంత ఎలా వచ్చిందన్నదే తెలియలేదు. చుట్టూ చూస్తే సంపు గట్టు మీద బకెట్లు బోర్లించి ఉన్నాయి, వరండా నుంచి పెరట్లోకి తడిసిన దారి ఉంది. ఊరి ప్రభను లాగే ఎడ్లను రెండ్రోజులు ఆ పెరట్లోనే కట్టేశారు. ఎన్ని బకెట్లు తోడినా తరగని సంపు కళ్ళెదుట ఉంటే బావి దాకా ఎవరు పోతారు. ఎడ్లవాళ్ళు తోడారు, నా బాల్ వాల్వు నింపింది. నేను సంతకం పెట్టిన నీళ్ళతో నింపింది.

అది అప్పుడే చెప్పవలసింది. నేను లేచి నిలబడి, నోట్‌బుక్కు తీసి, ఇలా అన్నాను: "నమూనా తీసి గుంటూరు ల్యాబుకు పంపాలండి. రిపోర్టు రావడానికి వారం పడుతుంది."

ఎందుకన్నానో నాకు తెలుసు. ఆ ఇంటి చేపలను చంపింది నేనని ఆ మనుషుల మధ్య నిలబడి చెప్పడం నా వల్ల కాలేదు. ల్యాబు పేరు చెబితే నేను అక్కడినుంచి బయటపడతాను. మస్తాన్ అక్కడే ఉంటాడు. ఈ రెండో మాట ఆ క్షణాన నాకు తట్టలేదని రాయవచ్చు, కానీ తట్టింది. పెట్టె తెచ్చుకుని టేపుతో సంపు లోతు కొలిచాను, కొలిచిందే మళ్ళీ కొలిచాను. అలా పది నిమిషాలు గడిచాయి.

చలమయ్య గారు కుర్చీలోంచి లేవకుండానే అన్నారు, "ఇంజనీరుక్కూడా అంతుబట్టలేదంటే ఇంక మందే. ఈణ్ణి ఊరికి తీసకపోండ్రా."

ఊరికి అంటే వాళ్ళ పల్లెకు. అక్కడికి తీసుకుపోయినవాళ్ళ సంగతి అందరికీ తెలుసు. ఇద్దరు సావిట్లోకి నడిచారు. "ఆగండి. అది మందు కాదు. నేను వేయించిన బ్లీచింగు" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు నలభై ఏళ్ళయినా పోలేదు. నేను ఆగకుండా చెప్పాను. తిరునాళ్ళు, మోతాదు, నా సంతకం, బకెట్లు, బాల్ వాల్వు. మూడు గాజు గొట్టాల్లో వంటింటి కుళాయి నీళ్ళు, వీధి కుళాయి నీళ్ళు, సంపు నీళ్ళు పోసి చుక్కలు వేశాను. మూడూ పసుపెక్కాయి. చలమయ్య గారు తెలివైన మనిషి.

"ఆ చుక్కలేస్తే ఏ నీళ్ళైనా పచ్చబడతాయేమో. మా బాయి నీళ్ళకెయ్యి" అన్నారు. బావి నీళ్ళు తెప్పించి వేశాను. రంగు రాలేదు. ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు.

"అయితే ఊరంతా ఇయ్యే నీళ్ళు తాగతన్నారా?"

తాగుతున్నారండి, మనిషికేం కాదు అన్నాను.

"నువ్వు తాగు. కుళాయివి గాదు, సంపులోయి."

గ్లాసు ముంచుతున్నప్పుడు నాకు కలిగిన అనుమానం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా పరీక్ష నీళ్ళలో క్లోరిన్ ఉందని మాత్రమే చెప్పింది, ఇంకేమీ లేదని చెప్పలేదు. నిజంగానే ఎవరైనా ఎండ్రిన్ కూడా కలిపి ఉంటే? మస్తానే కలిపి ఉంటే? ఆ మాట కూడా తోచింది, దాచడం దేనికి. కళ్ళు మూసుకుని గ్లాసెడు తాగాను. ఇంకోటి అన్నారు, అదీ తాగాను. తర్వాత నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి అందరూ చూస్తూ నిలబడ్డారు. అరగంట. నా చెమటలు భయానివో మందువో తేలక నాకే ప్రాణాలు పైపైన ఉన్నాయి.

ఆ అరగంటలో చేయగలిగింది ఒకటి చేశాను. బజార్లో ఫొటో స్టూడియో నుంచి హైపో తెప్పించమన్నాను. ఫిల్ము కడగడానికి వాడే పలుకులవి, క్లోరిన్‌ను విరిచేస్తాయి. బాల్ వాల్వు కట్టేసి, నీళ్ళలో కరిగించిన హైపోను కొంచెం కొంచెంగా సంపులో పోయించాను. మళ్ళీ చుక్కలు వేస్తే రంగు రాలేదు. మిగిలిన మూడు చేపల్లో ఒకటి పోయింది. రెండు మెల్లగా అడుగుకు దిగి ఈదడం మొదలుపెట్టాయి. చలమయ్య గారు వాటిని చూసి, లోపలికి తిరిగి, పిల్లకు నీళ్ళివ్వమన్నారు. తర్వాత తానూ ఒక గ్లాసు తెప్పించుకుని తాగారు. నా వైపు చూడకుండానే, "కట్లిప్పండి" అన్నారు.

నన్ను ఏమీ అనలేదు. వారం తిరక్కుండా నేనే వెళ్ళి బాల్ వాల్వు పీకించి చేత్తో తిప్పే వాల్వు పెట్టించాను. క్లోరిన్ రిజిస్టరులో, మోతాదు పెంచేముందు ఫలానా ఇంటికి కబురు చేయాలని ఒక వాక్యం చేర్చాను. మరుసటి ఏడాది సాధారణ బదిలీల్లో నేను ఒంగోలు వెళ్ళాను.

ఆ పొద్దున మస్తాన్‌ను నా స్కూటరు మీదే ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. ఆసుపత్రి మెట్ల దగ్గర దిగి, మణికట్లు రుద్దుకుంటూ అడిగాడు.

"సారూ, మీరొచ్చి సంపు మీదికి వొంగారు గదా. అప్పుడే తెలిసింది గదా మీకు?"

తెలిసిందన్నాను.

"మరి గుంటూరెందుకన్నారు?"

నేను వంగి స్కూటరుకు స్టాండు వేశాను. అతను తల ఊపి లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత కూడా మా పంపుహౌసు మోటార్లు చుట్టాడు, ఎప్పటిలాగే బాగా చుట్టాడు. నాతో మాత్రం మోటారు గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

తర్వాత ముప్పై ఏళ్ళు సర్వీసు చేశాను. నమూనా ల్యాబుకు పంపాలి అని లెక్కలేనన్ని ఫైళ్ళ మీద రాశాను. రాసే ప్రతిసారీ ముందు నన్ను నేను అడిగేవాణ్ణి, ఇది నాకు నిజంగా తెలియదా అని. తెలియనివాడు ఆ వాక్యం రాస్తే అది విధానం. తెలిసినవాడు రాస్తే అది అబద్ధం, దాని కింద ఎవరో ఒకరు చేతులు కట్టించుకుని కూర్చుని ఉంటారు.